పాకంలో నీళ్ల లెక్క

మొదటిసారి ఇంట్లో ఎనర్జీ బార్లు చేసినప్పుడు నాకు మిగిలింది పళ్లెం నిండా పొడి. ఓట్స్ ఉన్నాయి, బాదం ఉంది, కిస్‌మిస్ ఉంది, తేనె కూడా చేయి జారినంత పోశాను. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే చాకు దించగానే మొత్తం రాలిపోయింది. అమ్మ వచ్చి వేలితో నొక్కి చూసి, "పాకం పట్టకుండా పట్టీ ఎట్లా వస్తుందిరా?" అంది. నేను చేస్తున్నది పట్టీ కాదని, అది వేరే జాతి తినుబండారమని చెప్పబోయి ఆగాను. ఆ పొడిని నాలుగు రోజులు పెరుగులో కలుపుకుని తిన్నాం. సూపర్‌మార్కెట్లో దాన్నే గ్రనోలా అని పేరు పెట్టి అమ్ముతారు కాబట్టి నష్టమేమీ లేదు. కానీ అమ్మ మాట మాత్రం వదల్లేదు.

నిజానికి బార్ అనేది రెండే రెండు విషయాలు. పొడిగా ఉండే ముక్కలు, వాటిని పట్టి ఉంచే జిగురు. ముక్కలు ఏవైనా కావచ్చు: పల్లీలు, జీడిపప్పు, గుమ్మడి గింజలు, ఓట్స్, మరమరాలు. జిగురు మాత్రం ఎప్పుడూ ఒకటే, కొద్దిపాటి నీళ్లలో కరిగిన బోలెడంత చక్కెర. ఆ కొద్దిపాటి అంటే ఎంత అన్నదే అసలు ప్రశ్న. మన ఇళ్లలో ఆ కొలతకు పేరు పాకం.

నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి. చక్కెర కలిస్తే అంతకంటే ఎక్కువ వేడి కావాలి. మరిగేకొద్దీ నీళ్లు ఆవిరై పోతుంటాయి, మిగిలిన ద్రవం చిక్కబడుతుంది, మరిగే వేడి ఇంకా పైకి పోతుంది. కాబట్టి పాకం ఎంత వేడి మీద ఉందో తెలిస్తే దాన్లో ఎన్ని నీళ్లు మిగిలాయో తెలిసినట్టే. 110 డిగ్రీల చుట్టూ తీగ సాగుతుంది, అప్పుడు నూటికి ఇరవై పాళ్ల దాకా నీళ్లుంటాయి. 112 నుంచి 116 మధ్య చల్లటి నీళ్లలో చుక్క వేస్తే వేళ్ల మధ్య మెత్తగా ఉండ కడుతుంది, నీళ్లు పదిహేను పాళ్లకు దిగాయన్నమాట. 150 దగ్గర పళ్లానికేసి కొడితే ఠంగుమంటుంది, నీళ్లు ఇక ఒక పాలే. ఇవి పంచదార లెక్కలు, బెల్లానికి కాస్త అటూ ఇటూ అవుతాయి. థర్మామీటరు లేని వంటింట్లో ఒక గిన్నెడు చన్నీళ్లు, రెండు వేళ్లు కలిసి ఇంత కచ్చితమైన కొలత చెబుతాయని నాకు కెమిస్ట్రీ చదివిన రోజుల్లో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు నా తేనె సంగతి. తేనెలో నూటికి 17, 18 పాళ్లు నీళ్లుంటాయి. అంటే ఉండ పాకానికి ఇంకా రాని పదార్థం అది. గోరువెచ్చగా చేసి పోస్తే తీగ సాగుతుంది, వేలికి అంటుకుంటుంది, బలంగా మాత్రం పట్టుకోదు. దానికి తోడు ఓట్స్ రేకులు పల్చగా, వెడల్పుగా ఉండటంతో ఉన్న తేనెనంతా తమ ఒంటికి పూసుకుని కూర్చుంటాయి. ముక్కకూ ముక్కకూ మధ్య ఉండాల్సింది ఉండదు. (తేనె ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట: ఏడాది నిండని పిల్లలకు తేనె వేసినవేవీ పెట్టకూడదు. తేనెలో బాట్యులిజం అనే ప్రాణాంతక విషజబ్బు కలిగించే బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు. పెద్దల పేగుల్లో వాటి ఆటలు సాగవు గానీ, పసివాళ్లలో సాగుతాయి.)

పల్లీ పట్టీ కరకరలాడుతుంది, బార్ సాగుతూ నములుడు పడుతుంది. రెండింటికీ జిగురు చక్కెరే అయినప్పుడు ఈ తేడా ఎందుకు? పట్టీలోని బెల్లం గాజు. అలంకారంగా అనడం లేదు, పదార్థ విజ్ఞానం దాన్ని గాజు అనే అంటుంది. నీళ్లు దాదాపుగా పోయిన పాకం త్వరగా చల్లారితే చక్కెర అణువులకు వరుసగా పేర్చుకుని పలుకు కట్టే వ్యవధి ఉండదు. ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. కిటికీ గాజు కూడా అంతే, ఇసుక కరిగి చిందరవందరగా గడ్డకట్టింది. ఇలాంటి ప్రతి గాజుకూ ఒక హద్దు వేడి ఉంటుంది. ఆ హద్దు దాటితే అది రబ్బరులా మెత్తబడుతుంది, దిగితే పెళుసు. నీళ్లు లేని పంచదారకు ఆ హద్దు సుమారు 60 డిగ్రీల పైన. గ్లూకోజుకు 30 చుట్టూ. ఫ్రక్టోజుకు 5 దగ్గర. నీళ్లు ఏ కాస్త కలిసినా ఇవన్నీ ఇంకా కిందికి జారతాయి.

తేనెలో ఫ్రక్టోజు ఎక్కువ. దాన్ని ఎంత మరిగించినా, చల్లారాక మన ఊళ్ల వేడికి పంచదార పాకమంత పెళుసుగా నిలవదు. పట్టీ చేసేవాళ్లు బెల్లం ఎందుకు పట్టుకున్నారో ఇక్కడ తెలుస్తుంది. బెల్లంలో ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే, కాబట్టి గాజు కడుతుంది. కొద్ది పాళ్లు గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా ఉంటాయి, అవి అడ్డం పడి పలుకు కట్టనివ్వవు. పాకంలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండే అలవాటు వెనక ఉన్నదీ ఇదే: పులుపు కొంత సుక్రోజును విరగ్గొట్టి ఆ రెంటినీ పుట్టిస్తుంది. పట్టీని అప్పడాల కర్రతో ఒత్తి, వేడి తగ్గకముందే చాకుతో గీతలు పెట్టడం కూడా ఈ హద్దు వేడి ఎరిగిన పనే. హద్దు దిగాక కోస్తే పగులు మన మాట వినదు, దాని దారిన అది పోతుంది.

బార్‌కు మనం కోరేది గాజు కాదు, దానికి కాస్త ఇవతల ఉండే రబ్బరు స్థితి. ఉండ పాకం దగ్గర ఆపితే అదే వస్తుంది. ఖర్జూరం ఇక్కడ పెద్ద సాయం. మెత్తటి ఖర్జూరంలో నూటికి ఇరవై పాళ్లు నీళ్లు, అరవై పైచిలుకు చక్కెర, అందులోనూ అధిక భాగం గ్లూకోజు, ఫ్రక్టోజే. పైగా పీచు. చెట్టు మీదే ఎండ పట్టిన పాకం అనుకోవచ్చు. గింజ తీసి రుబ్బితే సిద్ధంగా జిగురు. మన దగ్గర పూజా సామాన్లలో దొరికే గట్టి ఎండు ఖర్జూరం దీనికి పనికిరాదు, అది వేరే సరుకు.

సరే, బార్ నిలిచింది. రెండు వారాలు పాడవకుండా ఎందుకుంటుంది? ఇరవై పాళ్లు నీళ్లున్న పదార్థానికి బూజు పట్టాలి కదా. 1953లో ఆస్ట్రేలియాకు చెందిన సూక్ష్మజీవి శాస్త్రవేత్త విలియం జేమ్స్ స్కాట్ ఈ ముడి విప్పాడు. సూక్ష్మజీవికి కావాల్సింది పదార్థంలో ఎన్ని నీళ్లున్నాయన్నది కాదు, అందులో దానికి అందే నీళ్లు ఎన్ని అన్నది. చక్కెర, ఉప్పు నీటి అణువుల్ని పట్టుకుని కూర్చుంటాయి. మిగిలిన స్వేచ్ఛకు ఒక కొలత ఉంది, వాటర్ యాక్టివిటీ అంటారు. మంచినీళ్లకు అది 1. చాలా బ్యాక్టీరియాకు 0.91 పైన ఉంటేనే బతుకు, చాలా బూజులకు 0.8. 0.6 దిగువన ఏదీ పెరగదు. తేనె, కిస్‌మిస్, ఖర్జూరం ఆ 0.6 చుట్టుపక్కలే తిరుగుతాయి. ఆవకాయలో ఉప్పు చేసే కాపలా ఇక్కడ చక్కెర చేస్తుందన్నమాట. అందుకే తీపి తగ్గిద్దామని పాకం సగం చేసి, తడి కోసం పాలో, అరటిపండు గుజ్జో కలిపితే అది బార్ కాదు, రెండు రోజుల్లో తినేయాల్సిన కేకు. అలా చేసినవాళ్లే "నిల్వ ఉండలేదు" అని ఫిర్యాదు చేస్తుంటారు.

ఇదే కొలత ఇంకో చిక్కును కూడా చెబుతుంది. నీళ్లు ఎక్కువ స్వేచ్ఛ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకు నడుస్తాయి. ఖర్జూరం పక్కనున్న ఓట్స్ రోజురోజుకూ మెత్తబడటం, కిస్‌మిస్ గట్టిపడటం ఈ నడకే. కరకర కావాలంటే గింజల్నే నమ్ముకోవాలి. వాటిలో నూనె ఎక్కువ, నీళ్లను పెద్దగా రానివ్వవు.

ఓట్స్ గురించి ఒక సంగతి చాలామందికి తెలియదు. డబ్బాలో కొనే రేకులు పచ్చివి కావు, ఆవిరి పట్టినవి. ఓట్ గింజలో మిగతా ధాన్యాల కంటే కొవ్వు ఎక్కువ, నూటికి ఏడు పాళ్ల దాకా. ఆ కొవ్వును విరగ్గొట్టే లైపేజ్ అనే ఎంజైమూ అందులోనే ఉంటుంది. పొట్టు తీసి నలిపితే రెండూ కలుసుకుంటాయి, కొన్నాళ్లకే చేదు. ఆవిరి ఆ ఎంజైమును చంపేస్తుంది. అయినా మన బార్‌కు ఓట్స్‌ను మళ్లీ సన్న సెగ మీద వేయించాలి. మిగిలిన తేమ పోతుంది, వేడికి చక్కెర, ప్రొటీన్ కలిసి ఎర్రబడే మైలార్డ్ చర్య వల్ల కమ్మటి వాసన వస్తుంది. పిండి వాసన కొట్టే ఇంటి బార్లన్నీ ఈ పది నిమిషాలు బద్ధకించినవే.

వేరుశెనగ గుళ్ల విషయంలో నేను కొంచెం చాదస్తం. నల్లబడినవి, ముడుచుకున్నవి, బూజు వాసన వేసేవి ఒక్కొక్కటి ఏరి పారేస్తాను. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వాటి దాణాలోని వేరుశెనగ పిండిలో బయటపడింది. ఆస్పర్జిల్లస్ అనే బూజు వదిలే విషం. దానికే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. కాలేయానికి చేటు, వేయించినా పూర్తిగా పోదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ దీని మీద ఏళ్ల తరబడి పనిచేస్తోంది, కారణం మన పొలాల్లో కనబడుతూనే ఉంటుంది. కాయ ఊరే వేళ చేను బెట్టకు వచ్చినా, పీకిన కాయ సరిగా ఆరకపోయినా ఆ బూజుకు పండగే.

నేనిప్పుడు స్థిరపడిన కొలత ఇది. ఓట్స్ 150 గ్రాములు, వేరుశెనగ గుళ్లు 100, బాదం 50, ఖర్జూరం గుజ్జు 150, కిస్‌మిస్ 50, బెల్లం 100, చిటికెడు ఉప్పు. వేయించాల్సినవి విడివిడిగా వేయించి, బాదాన్ని, గుళ్లను కచ్చాపచ్చాగా దంచుతాను. ముక్కల పరిమాణం రకరకాలుగా ఉంటే చిన్నవి పెద్దవాటి సందుల్లో దూరి ఖాళీలు తగ్గుతాయి. బెల్లం కరిగించి, వడగట్టి, ఉండ పాకం రాగానే ఖర్జూరం గుజ్జు కలిపి, ఒక్క నిమిషం తిప్పి దించి, మిగతావన్నీ వేస్తాను. పళ్లెంలో పరిచి గిన్నె అడుగుతో బలంగా, మొహమాటం లేకుండా ఒత్తాలి. 40 గ్రాముల చొప్పున పదిహేను వస్తాయి.

ఒక్కో దాంట్లో దాదాపు 160 కిలో క్యాలరీలు, నాలుగు గ్రాముల పైచిలుకు ప్రొటీన్, పదిహేను గ్రాముల చక్కెర. అంటే నాలుగు చిన్న చెంచాలు. ఆరోగ్యం పేరుతో దీన్ని టీవీ ముందు కూర్చుని మూడు తినేవాళ్లను చూశాను, అందులో నేనూ ఒకణ్ణి. ఎనర్జీ అనే మాట మనకు హుషారులా వినిపిస్తుంది, ప్యాకెట్ మీద ఆ మాటకు అర్థం క్యాలరీలే.

పుట్టుకలో ఇవి కూర్చునేవాళ్ల కోసం కావు. 1937లో అమెరికా సైన్యానికి చెందిన కెప్టెన్ పాల్ లోగన్ హెర్షీ కంపెనీని ఒక చాక్లెట్ పట్టీ చేయమని అడిగాడు. బరువు నాలుగు ఔన్సులు ఉండాలి, ఎండకు కరగకూడదు, రుచి ఉడకబెట్టిన బంగాళాదుంప కంటే కాస్త మెరుగ్గా ఉంటే చాలు. మరీ బాగుంటే ఆపద రాకముందే సిపాయిలు తినేస్తారని భయం. చాక్లెట్ కరగకుండా నిలబెట్టడానికి అందులో వేసింది ఓట్స్ పిండే. ఒక్కోటి 600 కిలో క్యాలరీలు. ఇక ఆటగాళ్ల బార్ కథ 1983 లండన్ మారథాన్‌లో మొదలైంది. కెనడా పరుగువీరుడు బ్రయన్ మ్యాక్స్‌వెల్‌కు ఇరవై ఒకటో మైలు దగ్గర ఒంట్లో సత్తువ అయిపోయింది. కండరాల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో 100 గ్రాముల గ్లైకోజెన్, అంటే ఒంట్లోని చక్కెర నిల్వ, దాచుకుంటాం. గట్టిగా పరుగెత్తితే 42 కిలోమీటర్లకు అది చాలదు. ఆయన జెన్నిఫర్ బిడల్ఫ్‌తో కలిసి వంటింట్లో ప్రయోగాలు చేసి, 1986లో పవర్‌బార్ తెచ్చాడు. దాన్ని 2000లో నెస్లే 37.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. పల్లీ పట్టీకి అంత ధర ఎవరూ కట్టలేదు. 2020లో ఆంధ్రప్రదేశ్ బడి పిల్లల మధ్యాహ్న భోజనంలోకి మాత్రం అది చిక్కీ పేరుతో చేరింది.

పోయిన ఏప్రిల్లో ఒకే విడతలో చేసిన బార్లను రెండు ఊళ్లకు పంపాను. విశాఖలో అన్నయ్యకు, అనంతపురంలో అక్కకు. గాలిలో తేమ కూడా ఈ వాటర్ యాక్టివిటీతోనే బేరమాడుతుంది. తేమ 60 శాతం దాటితే బార్ నీళ్లు పీల్చుకుంటుంది, తగ్గితే వదిలేస్తుంది. సముద్రం పక్కన మూత సరిగా పెట్టని డబ్బాలో అవి ఒకదానికొకటి అతుక్కున్నాయి. అనంతపురంలో మధ్యాహ్నం పూట తేమ 30 శాతం కూడా ఉండదు. వారం తర్వాత అక్క ఫోన్ చేసి, "తినడానికి పంపావా, గోడ కట్టుకోవడానికి పంపావా?" అని అడిగింది. నీళ్లు పోయి హద్దు వేడి పైకి ఎగబాకిందని వివరించబోతే వినలేదు. ఓ పావుగంట ఎండలో పెట్టి చూడక్కా అన్నాను. ఆ ఊళ్లో దానికి కొదవేముంది. మెత్తబడ్డాయట, కానీ చల్లారేలోపే తినాలట.