హైవే పెగ్స్ మీరే బిగించుకుంటున్నారా? ముందు ఈ అపోహలు వదిలేయండి

హైవే పెగ్స్ అంటే కాళ్లు ముందుకి చాపి పెట్టుకునే అదనపు ఫుట్‌రెస్ట్‌లు. బుల్లెట్, క్లాసిక్, మీటియోర్ లాంటి బండ్లకు లెగ్ గార్డ్ మీద వీటిని ఇంట్లోనే బిగించుకోవచ్చు. అలెన్ కీ (ఆరు పలకల L ఆకారపు తాళం) తిప్పడం వస్తే చాలు. కానీ మా వర్క్‌షాప్‌కి వచ్చేవాళ్లు చెప్పే మాటలు వింటే భయమేస్తుంది.

అపోహ: పెగ్‌ని పైపుకి పట్టి ఉంచే క్లాంప్ ఏదైనా ఏ లెగ్ గార్డ్‌కైనా సరిపోతుంది. వదులైతే సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించేయొచ్చు.

వాస్తవం: అన్ని పైపులూ ఒకే లావు ఉండవు. 22 మి.మీ. ఉంటాయి, 25 ఉంటాయి, 28 ఉంటాయి. హార్లీ డేవిడ్‌సన్ బండ్లకు 32 కూడా వస్తాయి. లావు కొలిచే వెర్నియర్ లేకపోతే పైపు చుట్టూ ఒక చుట్టు దారం వేసి, దాని పొడవును 3.14తో భాగించండి. 79 మి.మీ. దారం పట్టిందంటే పైపు 25.

బిగించాక క్లాంప్ రెండు ముక్కల మధ్య సన్నని సందు మిగలాలి, రెండు పక్కలా సమానంగా. ఆ ముక్కలు ముందే ఒకదానికొకటి ఆనుకుంటే మీరెంత తిప్పినా బోల్టు సాగుతుందే తప్ప క్లాంప్ పైపుని పట్టదు. కాలు బరువుకి పెగ్ కిందికి తిరిగిపోతుంది. మందపాటి ట్యూబు ముక్క మొదట్లో పట్టినట్టే ఉంటుంది, తర్వాత నలిగి వదులవుతుంది. పైపుకీ క్లాంప్‌కీ మధ్య పెట్టడానికి కిట్‌తో వచ్చిన స్లీవే (తొడుగు) వాడండి.

అపోహ: ఎంత గట్టిగా బిగిస్తే అంత సేఫ్.

వాస్తవం: అల్యూమినియం క్లాంప్ అయితే థ్రెడ్లు పోతాయి. కిట్ కాగితం మీద ఇచ్చిన టార్క్ (బిగింపు బలం) దాటకండి. బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. బోల్టు వదులవకుండా పట్టి ఉంచే జిగురు, నీలం రంగు లాక్‌టైట్ 243 ఒక చుక్క చాలు. ఎరుపు రకం వేస్తే తర్వాత వేడి చేస్తే తప్ప ఊడదు. చివర్లో బోల్టు తల మీదుగా క్లాంప్ మీదికి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీయండి. 50 కిలోమీటర్లు తిరిగాక చూస్తే, గీత విడిపోయిందంటే బోల్టు తిరిగినట్టే. 2020లో మీటియోర్‌తో వచ్చిన ఇంజిన్లలో బ్యాలన్సర్ షాఫ్ట్ ఉంది, అదురు తక్కువే. అయినా చూడాల్సిందే.

అపోహ: పెగ్స్ ఎంత ముందుకుంటే అంత సుఖం.

వాస్తవం: హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఫోర్క్ (ముందు షాక్ అబ్జార్బర్లు) కిందికి నొక్కి, ఎక్కడా తగలడం లేదని చూసుకోండి. షూ వేడెక్కిన సైలెన్సర్ బెండ్ పైపుకి ఆనితే సోల్ కరిగిపోతుంది. పైకి మడిచే పెగ్సే కొనండి. మలుపులో బండి వంగినప్పుడు మడవని పెగ్ రోడ్డుకి గుచ్చుకుంటే చక్రం లేచిపోతుంది.

అపోహ: లాంగ్ రైడ్ అంతా కాళ్లు వాటిమీదే పెడితే నడుం నొప్పి రాదు.

వాస్తవం: దీని గురించే నాకు ఎక్కువ టెన్షన్. కాళ్లు ముందుకి చాపినప్పుడు గుంతలో సీటు మీంచి లేవలేరు, దెబ్బంతా నేరుగా వెన్నుకి తగులుతుంది. పైగా వెనక బ్రేక్ కాలికి అందదు. 80 స్పీడులో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది, కాలు వెనక్కి తెచ్చేలోపే అంత దూరం దాటేస్తారు. కర్నూలు నుంచి అనంతపురం వైపు 44వ నంబరు హైవే ఖాళీగా ఉన్నప్పుడు కాసేపు మోకాళ్లు చాపుకోండి. ఊరు, క్రాసింగ్, లారీల గుంపు కనబడగానే కాళ్లు మామూలు ఫుట్‌రెస్ట్ మీదికి రావాలి.

అపోహ: పెగ్స్‌ని గార్డ్‌కి వెల్డింగ్ చేయిస్తే ఇక గొడవే ఉండదు.

వాస్తవం: వెల్డింగ్ వేడికి క్రోమ్ పోయి అక్కడే తుప్పు మొదలవుతుంది, పైపు బలమూ తగ్గుతుంది. ఫ్రేమ్‌కి మాత్రం వెల్డింగూ వద్దు, డ్రిల్లింగూ వద్దు.