చేపనూనె మాత్రలు, రక్తంలో కొవ్వు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

విశాఖలో వైద్యం చేసేవాళ్లకు ఇది తెలిసిన దృశ్యమే: రక్తంలో కొవ్వులను కొలిచే లిపిడ్ రిపోర్టుతో పాటు చేపనూనె మాత్రల సీసా కూడా బల్ల మీదికి వస్తుంది. ఆ సీసా చుట్టూ అల్లుకున్న నమ్మకాల గురించి ఈ నాలుగు మాటలు.

అపోహ: చేపనూనె కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది.

అది తగ్గించేది ట్రైగ్లిజరైడ్లను, అంటే రక్తంలో ఉండే మరో రకం కొవ్వును. కాలేయం రక్తంలోకి పంపే ట్రైగ్లిజరైడ్లకు ఈపీఏ, డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వులు కళ్లెం వేస్తాయి. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ మాత్రం తగ్గదు. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువగా ఉన్నవారిలో డీహెచ్ఏ కలిసిన మందుతో అది కొంత పెరగవచ్చు కూడా. కాబట్టి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మానేసి ఈ మాత్రలు మొదలుపెట్టకండి.

అపోహ: రోజుకో మాత్ర చాలు.

అసలు చిక్కంతా ఇక్కడే. సీసా మీద పెద్ద అక్షరాలతో కనిపించే 1000 మిల్లీగ్రాములు మొత్తం నూనె బరువు. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. మామూలు మాత్రలో ఈపీఏ 180, డీహెచ్ఏ 120, వెరసి 300 మిల్లీగ్రాములు. ట్రైగ్లిజరైడ్లు 20 నుంచి 30 శాతం తగ్గాలంటే ఈ రెండూ కలిపి రోజుకు సుమారు 4 గ్రాములు కావాలి. అంటే పదమూడు మాత్రలు! అంత మోతాదుకు డాక్టరు చీటీ మీద ఇచ్చే గాఢమైన మందులు వేరే ఉన్నాయి. కాడ్ లివర్ నూనెతో ఈ లెక్క సరిచేయాలని చూస్తే విటమిన్ ఏ మోతాదు మించిపోతుంది.

అపోహ: ట్రైగ్లిజరైడ్లు తగ్గితే ఇక గుండెపోటు రాదు.

2018లో వెలువడిన రెడ్యూస్-ఇట్ పరిశోధనలో శుద్ధి చేసిన ఈపీఏ 4 గ్రాములు వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పులు 25 శాతం తగ్గాయి. పోలిక కోసం మిగతావారికి ఇచ్చిన మినరల్ ఆయిలే ఆ తేడాను పెంచి చూపిందన్న వాదన ఇంకా తెగలేదు. ఈపీఏ, డీహెచ్ఏ రెండూ ఇచ్చి చూసిన 2020 నాటి స్ట్రెంగ్త్ అనే పరిశోధనలో ప్రయోజనం కనిపించలేదు. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మాత్రం రెండింటిలోనూ పెరిగింది.

అపోహ: ఖరీదైన చేపలోనే మేలు.

ఫిషింగ్ హార్బర్‌లో చవకగా దొరికే కవళ్లు, కానాగడతలే ఒమేగా-3కి మంచి వనరులు. పులుసు పెట్టుకోండి, నూనెలో ముంచి వేయించకండి. పులుసు బాగుందని మరో రెండు గరిటెల అన్నం వడ్డించుకుంటే మాత్రం చేప చేసిన మేలు కంచంలోనే పోతుంది. ట్రైగ్లిజరైడ్లను పెంచేవి ఎక్కువగా మితిమీరిన అన్నం, మిఠాయిలు, మద్యం, అదుపులో లేని షుగరు, థైరాయిడ్ లోపం. ఆదివారం రాత్రి మద్యం పుచ్చుకొని సోమవారం ఉదయం రక్తం ఇస్తే, ఆ రిపోర్టు చూసి నేను చెప్పగలిగేది తక్కువ. అయితే ట్రైగ్లిజరైడ్ల అంకె 500 దాటితే క్లోమగ్రంథి వాచే ప్రమాదం ఉంది, వెంటనే వైద్యుణ్ణి కలవండి.

అపోహ: శాకాహారులకు అవిసె గింజలు ఉన్నాయిగా.

వాటిలోని ఒమేగా-3 వేరు. శరీరం దాన్ని ఈపీఏగా మార్చుకునేది కొద్దిగానే, ట్రైగ్లిజరైడ్ల మీద ప్రభావమూ అంతంతమాత్రమే. డీహెచ్ఏ కావాలనుకునే శాకాహారులకు సముద్రపు నాచు నుంచి తీసిన నూనె మాత్రలు ఉన్నాయి. చేపలకు ఆ కొవ్వు వచ్చేదీ మొదట నాచు నుంచే.