హాస్టల్ దొరికితేనే చదువు: చిత్తూరు వైపు మిషన్ బోర్డింగుల వెనక కథ

తిరుపతి, చిత్తూరు వైపు చర్చి హాస్టళ్ల మాట వస్తే చాలు, రెండు జట్లు తయారవుతాయి. మతం మార్చడానికే అన్నం పెట్టారని ఒకరంటే, వాళ్లే లేకపోతే మా నాన్నకి సంతకం కూడా వచ్చేది కాదని ఇంకొకరంటారు. వాదన ఎప్పుడు చూసినా, బయటి దేశాల నుంచి సంస్థలకు వచ్చే డబ్బుకు షరతులు పెట్టే విదేశీ విరాళాల చట్టం దగ్గరే మొదలై అక్కడే ఆగుతుంది. అసలు కథ దానికి 150 ఏళ్ల ముందుది.

పల్లెల్లో పేదపిల్లలకు ఫీజు కన్నా పెద్ద అడ్డం ఇంకొకటుంది. బడి ఉన్న ఊళ్లో ఉండే చోటు, రెండు పూటలా తిండి. పాతకాలంలో దీనికి వారాలు ఉండేవి, సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, అలా ఏడిళ్లలో తిని చదువుకుని పైకొచ్చిన పెద్దల గురించి మనం వింటూనే ఉంటాం. మంచి ఏర్పాటే, కాకపోతే గడప లోపలికి రానిచ్చే కులమై ఉండాలి. మాల, మాదిగ పిల్లలకు వారాలిచ్చిన ఇల్లేది?

మిషన్లు, అంటే విదేశీ క్రైస్తవ ప్రచార సంస్థలు, వచ్చింది ఆ ఖాళీలోకే. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు, అది 1911లో ఏర్పడింది. చిత్తూరు ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె కడపలో ఉండేవి. 1853లో స్కడర్ కుటుంబం వాళ్లు అమెరికన్ ఆర్కాట్ మిషన్ పెట్టారు. 1863లో జేకబ్ ఛాంబర్లేన్ అనే డాక్టరు మదనపల్లె చేరాడు. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు జర్మనీ నుంచి లూథరన్లు అనే ప్రొటెస్టెంటు శాఖ వాళ్లు వచ్చారు. ఆ తర్వాత 1876-78 కరువు, మన పెద్దవాళ్లు ధాత కరువు అనేది దాన్నే. తల్లిదండ్రులు పోయిన పిల్లల్ని చేరదీయడంతో దక్షిణాదిలో చాలాచోట్ల మిషన్ల బోర్డింగులు, అంటే హాస్టళ్లు, పెరిగాయి.

బోర్డింగు అంటే ఒక ట్రంకు పెట్టె, ఒక కంచం, ఒక గ్లాసు. పొద్దున్నే ప్రార్థన, గంజో సంగటో తిని బడికి, సాయంత్రం తోటపని, మళ్లీ ప్రార్థన. చదువైపోయిన కుర్రాడు చాలాసార్లు ఏదో ఒక పల్లెలో మిషన్ బడికి టీచరుగా వెళ్లేవాడు, వారమంతా అక్షరాలు దిద్దించి ఆదివారం వాక్యం చెప్పేదీ అతనే. మరి ఇదంతా మతం కోసమేనా అంటే, అవును, మతం కోసం కూడా. వాళ్లేమీ దాచుకోలేదు, చందాలిచ్చిన వాళ్లకు ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చామో లెక్క రాసి పంపేవాళ్లు. కానీ మద్రాసు ప్రభుత్వం పంచముల (అప్పట్లో అంటరానివాళ్లుగా చూసిన కులాల) చదువు కోసం ప్రత్యేకంగా ఉత్తర్వులిచ్చింది 1893లో. అంతవరకూ ఊరి బడి అరుగు కూడా ఎక్కనివ్వని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకున్నది ఎవరో కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా.

గుడి వైపు కథ వేరేగా నడిచింది. 1843 నుంచి తిరుమల ఆలయం హాథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది, 1933లో దేవస్థానం కమిటీకి వచ్చింది. 1943లో దేవస్థానం అనాథ పిల్లల కోసం బాలమందిర్ పెట్టింది. ఉండడానికి చోటు, తిండి, చదువు, అన్నీ అక్కడే. నన్నడిగితే హుండీ డబ్బుతో జరిగిన మంచి పనుల్లో అది ముందు వరసలో ఉంటుంది. తర్వాత డబ్బు ఎక్కువగా కాలేజీల మీదకు పోయింది: 1945లో ఆర్ట్స్ కాలేజీ, 1952లో పద్మావతి మహిళా కాలేజీ, 1961లో ఏకంగా ఢిల్లీలో ఒకటి. 1954లో వచ్చిన యూనివర్సిటీ వెనకా దేవస్థానం సాయముంది. కాలేజీలు వద్దని కాదు, కానీ అక్కడిదాకా రావాలంటే ముందు పదో తరగతి గట్టెక్కాలి, అది గట్టెక్కించేది హాస్టలే.

స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వ హాస్టళ్లు పెరిగాయి. అయినా మిషన్ హాస్టళ్లు ఎందుకు మిగిలాయంటే, ఒక కారణం 1950 రాష్ట్రపతి ఉత్తర్వు. దాని ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా లేదు, దాంతో వచ్చే సాయమూ లేదు, మన రాష్ట్రంలో వెనకబడిన తరగతుల్లో ఒక గుంపైన బీసీ-సీలో పెట్టారు. 1977లో రాష్ట్ర ప్రభుత్వం వాళ్లకూ చదువు రాయితీలు కొన్ని ఇచ్చింది గానీ, అప్పటికే తరాలు బోర్డింగుకు అలవాటుపడ్డాయి.

ఇంకో కారణం స్పాన్సర్‌షిప్. 1950ల్లో కొరియా యుద్ధ అనాథల కోసం అమెరికా క్రైస్తవ సంస్థలు బాగా వాడిన పద్ధతి ఇది, తర్వాత ఇండియాకూ వచ్చింది. ఒక పిల్లకి ఒక దాత, నెలనెలా ఇంత అని. పిల్ల తెలుగులో ఉత్తరం రాస్తే సిబ్బంది ఇంగ్లీషులోకి మార్చి పంపుతారు, ఏడాదికో రెండేళ్లకో తల దువ్వి, మంచి గౌను వేసి కొత్త ఫొటో తీస్తారు. నాకైతే ఆ ఫొటోల వ్యవహారం ఎప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది, దాత మనసు కరగాలంటే పిల్ల దీనంగా కనబడాలి, డబ్బు సద్వినియోగం అవుతోందని నమ్మాలంటే సంతోషంగా కనబడాలి.

ఆ కుళాయి కట్టేసింది ఇటీవలే. 2010 విదేశీ విరాళాల చట్టం కింద కేంద్రం ముందస్తు అనుమతి షరతు పెట్టడంతో, ఇలా స్పాన్సర్‌షిప్ నడిపే అమెరికా క్రైస్తవ సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్ 2017 మార్చిలో దేశంలో పని ఆపేసింది, అప్పటికి దేశం మొత్తం మీద దాని కింద సుమారు 1,45,000 మంది పిల్లలున్నారు. 2020 సవరణ ఇంకా గట్టిది. విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు, ఆఫీసు ఖర్చు 20 శాతం దాటకూడదు. పెద్ద సంస్థ నుంచి డబ్బొస్తే పాతిక మంది పిల్లల్ని సాకే చిన్న హాస్టలుకు మొదటి షరతే గొంతు మీద కూర్చుంది. పైగా 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఆదరణ లేని పిల్లల్ని ఉంచే ప్రతి హోమూ రిజిస్టరు కావాలి. ఇది మాత్రం కావలసిందే, రికార్డులు లేకుండా పిల్లల్ని చూపించి చందాలు వసూలు చేసేవాళ్ల మీద నాకు జాలి లేదు. చిక్కేమిటంటే నిజాయితీగా నడిపే చిన్నవాళ్ల దగ్గర ఆడిటరుకు ఇచ్చే డబ్బు కూడా ఉండదు.

ఇప్పుడు కుప్పం, పలమనేరు వైపు నుంచి బెంగళూరు కట్టడం పనులకు పోయే ఇళ్లను చూడండి. బడిలో మధ్యాహ్న భోజనం ఉంది, కానీ అది ఒక్క పూటే, బడి ఉన్న రోజే. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చేరాలంటే 5వ తరగతికి రావాలి. ఒకటో తరగతి పిల్లని అయితే అవ్వ దగ్గర వదలాలి, లేదంటే వెంట తీసుకుపోవాలి. చర్చి హాస్టల్ మూతపడితే సంబరపడేవాళ్లున్నారు, ఏడ్చేవాళ్లున్నారు. బాలమందిర్ లాంటిది ఒకటి పలమనేరులోనో సత్యవేడులోనో పెట్టమని దేవస్థానాన్ని అడిగేవాళ్లు మాత్రం నాకు పెద్దగా కనబడలేదు.