రాగి దిమ్మె, వదులైన నట్టు

1942 జూన్ 7, ఆదివారం. మధ్యాహ్నం దాటాక ఇంగ్లండ్‌లోని డెఫర్డ్ వైమానిక స్థావరం నుంచి ఒక హ్యాలిఫాక్స్ బాంబర్ పైకి లేచింది. అది దాడికి వెళ్ళడం లేదు. దాని పొట్ట కింద గుమ్మడికాయలా ఉబ్బిన పారదర్శక డొప్పలో ఒక కొత్త రాడార్ యాంటెన్నా తిరుగుతోంది. దాన్ని గాల్లో పరీక్షించడమే ఆ ప్రయాణం పని. గంటన్నర తర్వాత విమానం వై నది లోయలో వెల్ష్ బిక్‌నర్ దగ్గర కూలిపోయింది. లోపలున్న 11 మందిలో ఒక్కరూ మిగల్లేదు. చనిపోయినవాళ్ళలో స్టీరియో ధ్వనికి పేటెంట్ తీసుకున్న అలన్ బ్లమ్లైన్ ఒకరు. వయసు 38. యుద్ధరహస్యం కాబట్టి ఆ మరణవార్త చాలాకాలం బయటికి రాలేదు.

విచారణలో తేలిందేమిటంటే, రాడార్‌ది ఏ తప్పూ లేదు. కుడి రెక్క చివరి ఇంజన్‌లో, వాల్వును నడిపే భాగం దగ్గర ఒక నట్టు. అంతకు ముందు జరిగిన తనిఖీలో దాన్ని సరిగా బిగించలేదు. ఇంజన్ అదురుకు అది కొంచెం కొంచెంగా వదులైంది, వాల్వు కదలిక గాడి తప్పింది, పిస్టన్ వచ్చి వాల్వును కొట్టింది, వాల్వు కాడ విరిగింది. అక్కడ రేగిన ఇంధనపు మంట రెక్కను తినేసింది.

ఆ రాడార్ పేరు హెచ్2ఎస్. కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొట్టే వాయువు ఫార్ములా దానికి పేరెందుకైందో చెప్పే కథలు చాలా ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. అవసరం మాత్రం నిజం. బ్రిటిష్ బాంబర్లు రాత్రి దాడుల్లో తీసిన ఫొటోలను 1941లో లెక్కగడితే, లక్ష్యం మీద బాంబులు వేశామని చెప్పిన విమానాల్లో మూడింట ఒకటే లక్ష్యానికి 5 మైళ్ళ లోపుకు వెళ్ళిందని తేలింది. చీకటి, మేఘాలు, పొగమంచు. వాటిని చీల్చుకుని నేలను చూపించే కన్ను కావాలి. భౌతిక శాస్త్రవేత్త బెర్నార్డ్ లోవెల్ బృందానికి అప్పగించిన పని అదే.

ఆ కన్ను ఎలా చూస్తుందో వానాకాలం రాత్రి బండి నడిపినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. తడిసిన రోడ్డు మీద హెడ్‌లైటు వేస్తే రోడ్డు నల్లగానే ఉంటుంది. నీటి పొర అద్దంలా వెలుగును ముందుకు తోసేస్తుంది, మన కంటికి తిరిగి రానివ్వదు. రేడియో తరంగాలదీ అదే తీరు. నది, సముద్రం తెర మీద నల్లగా పడతాయి. పొలాలు మసకగా కనిపిస్తాయి. గోడలు, నేల కలిసే మూలలతో నిండిన ఊళ్ళు తరంగాన్ని వచ్చిన దారినే వెనక్కి కొడతాయి కాబట్టి మెరుస్తాయి. ఇంత వివరం రావాలంటే తరంగం పొడవు 10 సెంటీమీటర్లకు మించకూడదు. అంత పొట్టి తరంగాన్ని బలంగా పుట్టించే పరికరం మాగ్నెట్రాన్. 1940 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండల్, హ్యారీ బూట్ అనే శాస్త్రవేత్తలు దాన్ని తొలిసారి నడిపి చూపించారు. చూడ్డానికి గుండ్రటి రంధ్రాలు తొలిచిన రాగి దిమ్మె. ఈనాడు మన వంటింటి మైక్రోవేవ్ ఓవెన్‌లో ఉన్నది దాని వారసురాలే.

ఈ రాడార్ చేసిన పని అమాయకమైనదేమీ కాదు. తొలిసారి దీన్ని వాడింది 1943 జనవరి 30 రాత్రి, జర్మనీలోని హాంబర్గ్ మీద. ఎల్బే నది తెర మీద నల్లగా, స్పష్టంగా పడే ఆ ఊరు రాడార్‌కు సులువు. అదే ఏడు జూలై చివరి దాడుల్లో అక్కడ 35 వేల మందికి పైగా చనిపోయారు.

ప్రయోగశాలలో చక్కగా నడిచిన రాడార్ పెట్టె 20 వేల అడుగుల ఎత్తున ఎందుకు మొండికేస్తుంది? అక్కడ గాలి పీడనం నేల మీది దానిలో సగం కూడా ఉండదు. గాలి పలచబడితే విద్యుత్తును అడ్డుకునే శక్తీ తగ్గుతుంది. నేల మీద బుద్ధిగా తీగలో పారే వేల వోల్టులు పైకి వెళ్ళగానే పక్క భాగానికి నిప్పురవ్వలా దూకుతాయి. కిందికి దిగాక చూస్తే అంతా మామూలే. గాల్లోనే వచ్చే జబ్బును నేల మీద పట్టుకోవడం ఎలా? అందుకే దాడికి ముందు పగటిపూట విమానాన్ని ఒకసారి ఎగరేసి చూసేవాళ్ళు. ఇక తేమ సంగతి. ఎత్తున గడ్డకట్టుకుపోయిన పెట్టె కిందికి రాగానే, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళ సీసాకు పట్టినట్టు చెమట పడుతుంది. ఆ చెమట అధిక వోల్టేజీ ఉన్నచోట చేరితే ఏమవుతుందో చెప్పాలా?

వీటన్నిటికన్నా సుకుమారమైనది క్రిస్టల్. గోరంత కూడా లేని సిలికాన్ ముక్క మీద వెంట్రుకంత టంగ్‌స్టన్ తీగ ఆని ఉంటుంది. తిరిగొచ్చే ప్రతిధ్వనిని ముందుగా అందుకునేది అదే. చిక్కేమిటంటే పంపేదీ, అందుకునేదీ ఒకే యాంటెన్నా. సెకనులో పది లక్షల వంతు కాలం పాటు పదుల కిలోవాట్లు బయటికి పోతాయి, ఆ వెంటనే వాటులో కోటానుకోట్ల వంతు తిరిగొస్తుంది. మధ్యలో వాయువు నింపిన గాజు గొట్టం ఒకటి కాపలా. తరంగం బయటికి పోతున్నప్పుడు అందులో వాయువు వెలిగి క్రిస్టల్‌కు దారి మూసేస్తుంది. గొట్టం పాతబడితే కొంత శక్తి లోపలికి జారుతుంది, క్రిస్టల్ కాలుతుంది. కాలినా తెర ఆరిపోదు. గీత గడియారం ముల్లులా తిరుగుతూనే ఉంటుంది, ఊళ్ళు మాత్రం మసకబారతాయి. ఆ మసక వాతావరణం వల్ల వచ్చిందో, యంత్రం వల్ల వచ్చిందో మెకానిక్కే తేల్చాలి.

తేల్చే పద్ధతి తేలికే. మీటరు పెట్టి క్రిస్టల్ నిరోధాన్ని ఇటునుంచి ఒకసారి, అటునుంచి ఒకసారి కొలవాలి. రెండింటికీ బాగా తేడా ఉంటే మంచిది, లేకపోతే పారేయాలి. కొత్తది పెట్టే ముందు విమానం లోహాన్ని ఒకసారి తాకాలి. ఒంటి మీద చేరిన స్థిర విద్యుత్తు చాలు, దాన్ని చంపడానికి. ఇదంతా చలికాలంలో, ఆరుబయట నిలిపిన విమానంలో, కొయ్యబారిన వేళ్ళతో చేయాలి. ఈ పని చేసినవాళ్ళలో చాలామంది నిన్నమొన్నటి వరకు విద్యార్థులు. వేల మంది కెనడా యువకులూ వచ్చి బ్రిటన్ వైమానిక దళంలో ఈ కొలువు చేశారు. రాడార్ చరిత్రలు కనిపెట్టినవాళ్ళ పేర్లతో నిండి ఉంటాయి కానీ, నా మటుకు నాకు ఆ మీటరు పట్టుకున్న కుర్రాడి మీదే ఆసక్తి.

విచిత్రమేమిటంటే, ఇన్ని సుకుమారాల మధ్య రాగి దిమ్మె ఒక్కటే మొండిది. శత్రువుకు చిక్కితే రహస్యం పోతుందని, దాన్ని పేల్చేయడానికి మందుగుండు పెట్టి చూశారు. ఒక జర్మన్ యుంకర్స్ 88 విమానపు మొండెంలో పేలిస్తే 10 అడుగుల రంధ్రం పడింది. మాగ్నెట్రాన్ ముక్కలు మాత్రం ఆనవాలు పట్టగలిగేలానే మిగిలాయి.

భయపడినంతా జరిగింది. తొలి దాడి తర్వాత నాలుగు రోజులు కూడా గడవకముందే, ఫిబ్రవరి 2 రాత్రి, రాటర్‌డామ్ దగ్గర ఒక స్టెర్లింగ్ బాంబర్ కూలింది. శిథిలాల్లో దొరికిన పెట్టెకు జర్మన్లు రాటర్‌డామ్ పరికరం అని పేరు పెట్టి, బెర్లిన్‌లో టెలిఫుంకెన్ సంస్థ ఇంజనీర్ల ముందు పెట్టారు. మార్చి 1 రాత్రి బ్రిటిష్ బాంబర్లు బెర్లిన్ మీదికి వచ్చి, తెలియకుండానే ఆ పెట్టెను ధ్వంసం చేశాయి. అదే రాత్రి అదే రాడార్ ఉన్న హ్యాలిఫాక్స్ ఒకటి నెదర్లాండ్స్‌లో కూలి, జర్మన్లకు రెండో పెట్టె దొరికింది.