రికార్డు విని నేర్చిన జాజ్

1959 తొలి నెలల్లో ఒక క్లారినెట్ రికార్డు బ్రిటన్ అమ్మకాల పట్టికలో మూడో స్థానానికి, అమెరికాలో అయిదో స్థానానికి ఎక్కింది. పేరు 'పెతీత్ ఫ్లర్'. బాణీ కట్టింది న్యూ ఆర్లీన్స్‌కు చెందిన సిడ్నీ బెషే. రికార్డు మీద క్రిస్ బార్బర్ జాజ్ బ్యాండు అని ఉన్నా, వాయించింది ఆ బ్యాండులోని మాంటీ సన్‌షైన్. వెనక లయ వాద్యాలే తప్ప ఇంకేమీ లేవు. ట్రాంబోన్ వాద్యకారుడైన బార్బర్ తన పేరిట వచ్చిన ఆ హిట్టులో ఒక్క స్వరం కూడా ఊదలేదు. బెషే దీన్ని జి మైనర్‌లో వాయిస్తే, సన్‌షైన్ వాయించింది అర స్వరం పైన, ఏ ఫ్లాట్ మైనర్‌లో. క్లారినెట్ పట్టినవాళ్ళు కోరి ఎంచుకునే శ్రుతి కాదది. ఎందుకలా అంటే, సన్‌షైన్ ఆ బాణీని బెషే రికార్డు విని నేర్చుకున్నారనీ, ఆయన గ్రామఫోన్ ఉండాల్సిన దానికన్నా వేగంగా తిరిగేదనీ బార్బర్ చెప్పేవారు.

బ్రిటన్‌లో 'ట్రాడ్' అని పిలుచుకునే ఈ సంప్రదాయ జాజ్ ఇప్పటికీ రికార్డుల్లో ఇంత గట్టిగా ఎందుకు నిలిచిందని అడిగితే, నేను ముందుగా చూపించేది ఆ గ్రామఫోన్‌నే. వీళ్ళకు గురువు ఎదురుగా లేడు. ఉన్నది నల్లటి ప్లేటు ఒక్కటే.

గురువు లేకపోవడానికి కారణం చట్టపరమైనదే. అమెరికాలో బ్రిటిష్ బ్యాండ్లకు అవకాశం ఇవ్వడం లేదని బ్రిటన్ సంగీతకారుల యూనియన్ పట్టుబట్టింది. దాంతో 1935లో బ్రిటన్ కార్మిక శాఖ అమెరికన్ బ్యాండ్లకు అనుమతులు ఆపేసింది. 1956 వరకు దాదాపు ఇరవై ఏళ్ళు అదే పరిస్థితి. ఒక తరం మొత్తం అమెరికన్ ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బ్యాండును కళ్ళారా చూడకుండానే ఆయన సంగీతాన్ని కంఠస్థం చేసింది. 1933 నుంచి ఊరూరా వెలసిన రిథమ్ క్లబ్బుల్లో జరిగింది కచేరీ కాదు, శ్రవణం. కొందరు యువకులు ఒక గదిలో చేరి, ప్లేటు పెట్టి, ఏ వాద్యం ఎవరిదో, ఏ ఏడాది రికార్డయిందో వాదించుకునేవారు. ఈ తేదీల పిచ్చి ట్రాడ్ అభిమానుల్లో ఇప్పటికీ పోలేదు.

విన్నవాళ్ళు వాయించడం మొదలుపెట్టింది యుద్ధకాలంలో. లండన్ శివారున, అప్పట్లో కెంట్‌లో భాగమైన బార్న్‌హర్స్ట్‌లో రెడ్ బార్న్ అనే పబ్బు ఉండేది. ఆయుధ కర్మాగారంలో పనిచేసే జార్జ్ వెబ్ తన బ్యాండు డిక్సీలాండర్స్‌తో అక్కడ 1920ల నాటి బాణీని తిరిగి పట్టుకున్నారు. కొంతకాలానికి ఈ బ్యాండులోకి పెద్దింటి పిల్లల బడి ఈటన్‌లో చదివి, సైన్యంలో గార్డ్స్ దళం అధికారిగా యుద్ధం చేసి వచ్చిన హంఫ్రీ లిటెల్టన్ చేరారు. కార్మికుడి పియానో పక్కన దొరబిడ్డ ట్రంపెట్ అన్నమాట. 1945లో ఐరోపాలో యుద్ధం ముగిసిన రోజున బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు తోపుడు బండిలో కూర్చుని లిటెల్టన్ ఊదిన ట్రంపెట్, ఆనాటి బీబీసీ రికార్డింగులో జనం కేకల మధ్య వినిపిస్తుంది.

నిషేధాన్ని దొడ్డిదారిన దాటిన కథలూ ఉన్నాయి. 1949 నవంబరులో బెషే లండన్ వచ్చి, థియేటర్లో ప్రేక్షకుడిలా కూర్చుని, 'అనుకోకుండా' వేదిక మీదికి పిలిపించుకున్నారు. నిర్వాహకులు కోర్టు మెట్లెక్కి జరిమానా కట్టారు. అదే సందర్భంలో ఆయన లిటెల్టన్ బ్యాండుతో మెలోడిస్క్ సంస్థకు రికార్డు చేశారు. ఆ ప్లేట్లు ఇప్పుడు విన్నా, శిష్యులు ఊపిరి బిగపట్టి వాయిస్తున్నట్టే ఉంటుంది.

కెన్ కోల్యర్ ఇంకో దారి పట్టారు. గురువు రాకపోతే తానే వెళ్ళాలనుకుని ఓడ ఉద్యోగంలో చేరారు. 1952లో న్యూ ఆర్లీన్స్ చేరి, జార్జ్ లూయిస్ లాంటి వృద్ధ కళాకారుల పక్కన నిలబడి వాయించారు. వీసా గడువు దాటిపోవడంతో జైలుపాలై, 1953లో దేశానికి తిరిగి పంపబడ్డారు. ఇంటికి వచ్చేసరికి బార్బర్, సన్‌షైన్, లానీ డోనెగన్ ఆయన కోసం బ్యాండు సిద్ధం చేసి ఉంచారు. ఆ బ్యాండు డెక్కా కంపెనీకి చేసిన రికార్డులో మెరుగు తక్కువ, గరుకు ఎక్కువ. అయినా ట్రాడ్‌లో నాకు ఒక్కటే మిగలాలంటే అదే ఉంచుకుంటాను. ట్రంపెట్ బాణీని నిలబెడితే, క్లారినెట్ దాని మీద అల్లుకుంటుంది, ట్రాంబోన్ కింద నుంచి తోస్తుంది. ఎవరూ ఎవరికన్నా ముందుకు దూకరు. ఈ కలివిడి వాయింపే ట్రాడ్ రికార్డుల ఆకర్షణలో సగం. సంగీత శాస్త్రం తెలియని చెవి కూడా ముగ్గురినీ విడివిడిగా పట్టుకోగలదు.

ఏడాది తిరగకుండానే కోల్యర్‌తో మిగతావాళ్ళకు చెడింది. 1954లో బార్బర్ బ్యాండు విడిగా డెక్కాకు ఒక పది అంగుళాల ప్లేటు చేసింది. అందులో ఖాళీ పూరించడానికి అన్నట్టు డోనెగన్ గిటారుతో పాడిన 'రాక్ ఐలండ్ లైన్'ను సంస్థ 1955 చివర విడిగా విడుదల చేసింది. మరుసటి ఏడాదికల్లా బ్రిటన్‌లో పిల్లలందరూ గిటార్లు కొన్నారంటే అతిశయోక్తి కొద్దిగానే ఉంటుంది.

రికార్డింగు గదిని మార్చినవారు డెనిస్ ప్రెస్టన్. కంపెనీ ఉద్యోగి కాకుండా సొంతంగా రికార్డు చేయించి కంపెనీలకు అందించిన తొలి బ్రిటిష్ నిర్మాతల్లో ఆయన ఒకరు. 1956లో లిటెల్టన్ 'బ్యాడ్ పెన్నీ బ్లూస్' ఆయన చేతి మీదుగానే వచ్చింది. ఇంజినీరు జో మీక్ పియానో ఎడమచేతి వాయింపునూ డ్రమ్ బ్రష్షులనూ ముందుకు లాగి, శబ్దంలోని హెచ్చుతగ్గులను గట్టిగా కుదించారు. సెలవు మీద వెళ్ళిన లిటెల్టన్‌కు అది ముందే వినిపించి ఉంటే ఒప్పుకునేవారు కాదట. వినకపోవడమే మంచిదైంది. అది అమ్మకాల పట్టికలో తొలి ఇరవైలోకి ఎక్కింది. పన్నెండేళ్ళ తర్వాత బీటిల్స్ 'లేడీ మడోనా' పియానోలో అదే నడక తిరిగి వినిపించింది.

శుద్ధి పట్టింపు మాత్రం తగ్గలేదు. 1953లో లిటెల్టన్ బ్యాండులోకి బ్రూస్ టర్నర్ శాక్సఫోన్ పట్టుకుని వస్తే, బర్మింగ్‌హామ్ టౌన్‌హాల్లో ఆయనను ఇంటికి పొమ్మంటూ బ్యానర్ ఎగిరింది. రికార్డు విని నేర్చుకున్నవాళ్ళకు రికార్డులో లేనిది తప్పుగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

తర్వాత వచ్చింది ప్రభంజనం. కెనీ బాల్ ఒక సోవియట్ పాటను 'మిడ్‌నైట్ ఇన్ మాస్కో'గా వాయించి, 1961-62లో రెండు దేశాల్లోనూ రెండో స్థానం దాకా వెళ్ళారు. బౌలర్ టోపీ పెట్టుకునే ఆకర్ బిల్క్ 'స్ట్రేంజర్ ఆన్ ది షోర్' బ్రిటన్ పట్టికలో 55 వారాలు ఉంది, 1962 మేలో అమెరికాలో మొదటి స్థానం పట్టింది. అది వచ్చిన కొలంబియా ముద్ర ఘంటసాల కాలపు ప్లేట్లు చూసిన మన పెద్దలకు కొత్తది కాదు. అక్కడి కొలంబియా, ఇక్కడి కొలంబియా రెండూ బ్రిటన్ రికార్డు సంస్థ ఈఎంఐ కుటుంబానివే. అయితే వయొలిన్ల పరుపు మీద బిల్క్ క్లారినెట్ పడుకున్న ఆ పాటలో జాజ్ ఎంతన్నది వేరే సంగతి. టోపీలూ వెయిస్ట్‌కోట్లూ తొడిగి అనుకరించినవాళ్ళ రికార్డుల్లో ఇప్పుడు వినదగ్గవి తక్కువ. 1963లో బీటిల్స్ వచ్చేసరికి ఆ దుకాణం కట్టేశారు. 1957లో జాజ్ క్లబ్బుగా తెరుచుకున్న లివర్‌పూల్ కావెర్న్‌లోనే బీటిల్స్ పేరు తెచ్చుకోవడం ఇంకో తమాషా.

ఈ రికార్డులు మరుగున పడకపోవడానికి చివరి కారణం కాపీరైటు. బ్రిటన్‌లో సౌండ్ రికార్డింగు హక్కు 50 ఏళ్ళే ఉండేది. 2013 నవంబరు 1న దాన్ని 70 ఏళ్ళకు పెంచినప్పుడు, అప్పటికే గడువు తీరిన వాటికి ప్రాణం పోయలేదు. 1962 చివరిలోగా విడుదలైనవన్నీ ఆ గీతకు అవతలే ఉండిపోయాయి. ట్రాడ్ వెలుగు వెలిగిన కాలమంతా దాదాపు అందులోకే వస్తుంది. అందుకే ఎవరైనా వేయగలరు, వేస్తున్నారు కూడా. వీటిలో పాత ప్లేటును గీతలతో సహా ఎక్కించిన చవక సంకలనాలున్నాయి. కంబ్రియాలోని లేక్ రికార్డ్స్ లాంటి చిన్న సంస్థలు శ్రద్ధగా శుభ్రం చేసి, ఎవరు వాయించారో, ఎప్పుడు వాయించారో అచ్చువేసిన సీడీలూ ఉన్నాయి. కొనేముందు అట్ట వెనక ఆ వివరాలు ఉన్నాయో లేదో చూడటం మేలు. బాణీల హక్కులు మాత్రం వేరు. బెషే 1959లో మరణించారు కాబట్టి 'పెతీత్ ఫ్లర్' బాణీకి బ్రిటన్‌లో 2029 చివరి దాకా, 2014లో పోయిన బిల్క్ బాణీకి 2084 చివరి దాకా రాయల్టీ కట్టాల్సిందే.