రిమోట్‌లో బటన్ ఉంది, తెర మీద తెలుగు లేదు

నల్లకుంటలో ఉండే మా పెద్దమ్మకి డెబ్బై దాటాక వినికిడి బాగా తగ్గింది. టీవీ సౌండ్ పెంచితే పక్కింటివాళ్లకి వినపడుతుంది గానీ ఆవిడకి కాదు. బీరువాలో పాత పౌరాణికాల డీవీడీలు ఓ ఇరవై దాకా ఉన్నాయి. "ఒరేయ్, వీటికి కింద అక్షరాలు వచ్చేట్టు చెయ్యరాదూ?" అంది ఓసారి. రిమోట్‌లో సబ్‌టైటిల్ బటన్ ఉంది, నొక్కితే ఇంగ్లీషు వస్తుంది. తెలుగు సినిమాకి తెలుగు అక్షరాలెందుకు అనుకుని ఉంటారు. ఆ ఇంగ్లీషు అమెరికాలో పెరిగే పిల్లల కోసమని నా అనుమానం. చెవి వినపడని తెలుగువాళ్లు ఎవరి లెక్కలోనూ ఉన్నట్టు లేదు.

తెలుగు మాటలు టైప్ చేసి, ఆ ఫైల్ డిస్కులో పడేస్తే అయిపోతుందనుకున్నాను. ఎందుకు అవ్వదో తెలియాలంటే 1996 దగ్గరికి వెళ్లాలి.

ఆ ఏడాది నవంబరులో డీవీడీ ప్లేయర్లు మొదట జపాన్‌లో అమ్మకానికొచ్చాయి. మన వీధుల్లో అద్దెకి తిరిగిన వీసీడీల్లో సబ్‌టైటిల్ అంటూ ఉంటే అది బొమ్మలోనే కలిసిపోయి ఉండేది, వద్దనుకున్నా పోదు. డీవీడీ దాన్ని విడదీసింది. ఒక సినిమాకి 8 ఆడియో ట్రాకులు, 32 సబ్‌టైటిల్ ట్రాకుల దాకా పెట్టుకోవచ్చు. 2007 ప్రాంతంలో మోజర్ బేయర్ అనే మన డిస్కుల కంపెనీ 34 రూపాయలకే డీవీడీ అమ్మడం మొదలుపెట్టాక అవి మధ్యతరగతి బీరువాల్లోకీ చేరాయి. ట్రాకులకి చోటు మాత్రం ఎప్పుడూ ఉంది.

అసలు మెలిక ఇంకోటి. డీవీడీలో సబ్‌టైటిల్ అక్షరాలు కావు, బొమ్మలు. ప్రతి డైలాగూ ఒక చిన్న చిత్రం. 16 రంగుల్లోంచి ఒక్కో చిత్రానికి నాలుగే వాడుకోవాలి: వెనక పారదర్శకం, అక్షరానికొకటి, చుట్టూ అంచుకొకటి, గరుకు తగ్గించడానికొకటి. ప్లేయర్‌కి చదవడం రాదు, ఇచ్చిన బొమ్మని ఇచ్చిన టైముకి చూపిస్తుంది. మనకి ఇదొక వరం కూడా. యూఎస్‌బీలో సినిమా, పక్కన సబ్‌టైటిల్ ఫైల్ పెడితే మా ఇంట్లో ప్లేయర్ తెలుగుని డబ్బాలు డబ్బాలుగా చూపించింది, దాంట్లో తెలుగు ఫాంట్ లేదు మరి. అదే ప్లేయర్ డిస్కులోని తెలుగు బొమ్మని నదురూ బెదురూ లేకుండా చూపిస్తుంది. చిక్కడపల్లి డీటీపీ సెంటర్లో అను ఫాంటులో కొట్టించినా బొమ్మ చేసేస్తే చాలు, కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తుపట్టే యూనికోడ్‌లోనే ఉండాలన్న గొడవే లేదు.

ఇబ్బంది ఆ బొమ్మల్ని లోపల పెట్టడంలో. డిస్కులో సినిమా ఉండే వీఓబీ ఫైళ్లలో వీడియో, ఆడియో, సబ్‌టైటిల్ 2048 బైట్ల ముక్కలుగా జడలా అల్లుకుని ఉంటాయి. మధ్యమధ్య ఏ సీను ఎన్నో ముక్క దగ్గరుందో చెప్పే చిరునామాలుంటాయి. కొత్త పాయ కలిపితే అవన్నీ తప్పుతాయి. అందుకని మొత్తం హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, జడ విప్పి, మళ్లీ అల్లి, చిరునామాలు కొత్తగా రాయించి, ఇంకో ఖాళీ డిస్కు మీద రాయాలి. ఏమేం ట్రాకులున్నాయో ప్లేయర్‌కి చెప్పే ఐఎఫ్ఓ ఫైల్లో 'ఇక్కడో తెలుగు ట్రాక్ ఉంది' అని చెప్పడం మర్చిపోతే రిమోట్ బటన్ పలకదు. నేను మర్చిపోయాను. రెండు ఖాళీ డిస్కులు పోయాయి.

పైగా తాళం ఒకటి. కంపెనీ డిస్కులు చాలావాటికి సీఎస్ఎస్ అనే రక్షణ ఉంటుంది. 1999లో దాన్ని విప్పే ప్రోగ్రాం బయటికొచ్చింది. నార్వే కుర్రాడు యోన్ యోహాన్సెన్ మీద ఆ విషయంలో కేసు పెట్టారు, 2003లో కోర్టు నిర్దోషి అని వదిలేసింది. తాళం విప్పాక లోపలున్న సబ్‌టైటిల్ బొమ్మల్ని చదివి అక్షరాలుగా మార్చే సబ్‌రిప్ లాంటి సాఫ్ట్‌వేర్లు అందరి చేతికీ వచ్చాయి. మాటలూ వాటి టైములూ రాసి ఉండే, మనం రోజూ చూసే ఎస్‌ఆర్‌టీ ఫైల్ పేరు ఆ సబ్‌రిప్ నుంచే. తెలియని ఆకారం కనపడితే 'ఇదేం అక్షరం?' అని అడిగి నేర్చుకునేది. ఇంగ్లీషుకి కాసేపట్లో అయిపోతుంది. తెలుగుకి గుణింతాలు, ఒత్తులు కలిపి అడుగుతూ పోతే ఆ రోజుకి వంట ఉండదు.

నా పని తేలికవుతుందని ఓ అమెరికా డిస్కు నుంచి తీసిన ఇంగ్లీషు ఎస్‌ఆర్‌టీ తీసుకుని, టైములు అలాగే ఉంచి తెలుగు మాటలు కొట్టాను. మొదటి సీను బ్రహ్మాండం. అరగంటకి పెద్దమ్మే పట్టేసింది. "ఈయన మాట్లాడి వెళ్లిపోయాక అక్షరాలొస్తున్నాయేంట్రా!" వినపడదు కాబట్టి ఆవిడ పెదాలు చూస్తుంది. మాటకీ అక్షరానికీ సింక్ కుదిరిందో లేదో చూడ్డానికి అంతకన్నా మంచి మనిషి దొరకదు.

కారణం టీవీ పద్ధతుల మధ్య ఉన్న పాత తేడాయే. సినిమా రీలు సెకనుకి 24 ఫ్రేములు. మన టీవీల పాల్ పద్ధతి సెకనుకి 25. అందుకని పాల్ డిస్కు చేసేటప్పుడు మామూలుగా సినిమానే కాస్త వేగంగా తిప్పేస్తారు. మూడు గంటల సినిమా ఏడు నిమిషాల ముందే అయిపోతుంది, గొంతులు కూడా పిసరంత సన్నబడతాయి. అమెరికా టీవీల పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, ఆ డిస్కులో అసలు వేగం దాదాపు అలాగే ఉంటుంది. అక్కడ 30వ నిమిషంలో వచ్చే మాట ఇక్కడ 28 నిమిషాల 48 సెకన్లకే వస్తుంది. తేడా 72 సెకన్లు, పోనుపోను పెరుగుతుంది. మొత్తం ఫైల్‌ని ముందుకి జరిపితే అరగంట దగ్గర కుదిరి మొదట్లో చెడుతుంది. సాగదీయాలి లేదా కుదించాలి. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో మొదట్లో ఒక డైలాగు, చివర్లో ఒకటి అసలు టైముకి కట్టేస్తే మధ్యవన్నీ అదే సర్దుతుంది. ఏ పాటో కోసేసిన డిస్కైతే అదీ చాలదు, కోత దాటాక విడిగా మళ్లీ కట్టాలి.

పద్యాల దగ్గర ఏ సాఫ్ట్‌వేరూ సాయం చెయ్యలేదు. పాదం నాలుగు సెకన్లలో అయిపోతుంది, రాగం ఇరవై సెకన్లు సాగుతుంది. అక్షరాలు ఎప్పుడు తియ్యాలి? తీసేస్తే పాడుతున్న మనిషి కింద ఖాళీ, ఉంచితే అదే పాదం మళ్లీ అంటున్నాడేమో అనిపిస్తుంది. నేను ఉంచాను. ఇంకో చిక్కు చదివే వేగం. సెకనుకిన్ని అక్షరాలని సాఫ్ట్‌వేర్ లెక్కపెడుతుంది, కానీ యూనికోడ్ కోడ్‌లు లెక్కించేవాటికి 'స్త్రీ' ఒక అక్షరం కాదు, ఆరు. తెలుగు వాక్యం కనపడగానే ఎర్రగా హెచ్చరిక. పట్టించుకోలేదు. కానీ పాల్ డిస్కులోని 576 గీతల బొమ్మలో పై వరస ఒత్తులు కింది వరస గుడి మీద పడటం మాత్రం నిజమైన బాధ. అక్షరం పెంచి, వరసల మధ్య ఎడం పెంచితే తప్ప కుదరలేదు.

చట్టం సంగతి ఒక మాట. 2012 సవరణ తర్వాత కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, వైకల్యం ఉన్నవాళ్లు సొంతానికి వాడుకోవడానికి వీలుగా కృతిని మార్చి ఇవ్వడాన్ని అనుమతిస్తుంది. ఆ డిస్కుల్ని కోఠిలో బండి మీద పెట్టి అమ్మితే వేరే కథ.

ఇప్పుడైతే ఇంత అక్కర్లేదు. కంప్యూటర్లో సినిమా ఫైల్, అదే పేరుతో ఎస్‌ఆర్‌టీ పక్కపక్కన ఉంటే వీఎల్‌సీ అనే ప్లేయర్ ఆడిస్తుంది, జి, హెచ్ మీటలు నొక్కితే సబ్‌టైటిల్ 50 మిల్లీసెకన్ల చొప్పున అటూ ఇటూ జరుగుతుంది. కానీ పెద్దమ్మకి కావలసింది రిమోట్, డిస్కు, పడక్కుర్చీ. మూడో ప్రయత్నంలో డిస్కు సరిగ్గా ఆడింది. సినిమా చివరిదాకా చూసి, లేచి, బీరువాలోంచి ఇంకోటి తీసి చేతిలో పెట్టింది. అందులో సినిమాకి ముందు కంపెనీ ప్రకటనలే నిమిషంన్నర ఉన్నాయి. ఈసారి ఆ నిమిషంన్నర కూడా జరపాలి.