చమురు ఎక్కడిది, ధర ఎక్కడిది: కొన్ని అపోహలు - వాస్తవాలు

చమురు బావుల మీద పనిచేసే జియాలజిస్టునని చెప్పగానే ఎవరూ రాళ్ల గురించి అడగరు. రేటు గురించే అడుగుతారు. రేటు చెప్పడం నా పని కాదు గానీ, ఆ ప్రశ్నల వెనకున్న అపోహల్లో సగం నేల కిందివే. అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

అపోహ: చమురంటే కుళ్లిన డైనోసార్లు

కాదు. చమురులో చాలా భాగం సముద్రాల్లో, సరస్సుల్లో బతికిన కంటికి కనిపించనంత చిన్న నాచు, ప్లవక జీవుల నుంచి వచ్చింది. అవి చచ్చి అడుక్కి చేరి, ఆక్సిజన్ అందని బురదలో పూర్తిగా కుళ్లకుండానే పూడిపోయాయి. పైన పొరలు పేరుకునే కొద్దీ వేడి పెరిగి, సుమారు 60 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య అదంతా చమురుగా మారింది. వేడి ఇంకా ఎక్కువైతే గ్యాస్ అవుతుంది. 1930లలోనే ఆల్‌ఫ్రెడ్ ట్రైబ్స్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ముడి చమురులో పత్రహరితం ఆనవాళ్లు పట్టుకున్నాడు. సింక్లెయిర్ అనే అమెరికన్ కంపెనీ డైనోసార్ బొమ్మను గుర్తుగా పెట్టుకోవడం కూడా ఈ అపోహకు బాగానే సాయపడి ఉంటుంది.

అపోహ: నేల కింద చమురు చెరువులుంటాయి, తోడుకోవడమే

నీళ్లు పీల్చుకున్న ఇటుకను ఊహించుకోండి. చమురు ఇసుకరాయి, సున్నపురాయి లాంటి వాటి సన్నని రంధ్రాల్లో అలాగే ఉంటుంది. దాని పైన చమురును దాటనివ్వని గట్టి పొర, మా మాటల్లో క్యాప్ రాక్, ఉండి తీరాలి. లేదంటే ఏ కాలంలోనో పైకి పాకిపోయేది. రాతిని అంటిపెట్టుకున్నదంతా బయటికి రాదు. సగటున మూడో వంతు దక్కితే ఎక్కువ. 'ఎండిపోయింది' అని వదిలేసిన చోట కూడా చాలాసార్లు దక్కినదాని కన్నా మిగిలిందే ఎక్కువ.

అపోహ: ఇంకో 40, 50 ఏళ్లలో చమురు అయిపోతుంది

నిల్వలను ఏడాది వాడకంతో భాగించి చెప్పే లెక్క ఇది. చిక్కంతా 'నిల్వలు' అన్నదాంట్లో ఉంది. నేల కింద ఉన్నదంతా నిల్వ కాదు. ఇవాళ్టి టెక్నాలజీతో, ఇవాళ్టి ధరకు తీస్తే గిట్టుబాటయ్యేదే నిల్వ. ధర పెరిగితే అదే రాతిలోని చమురు నిల్వల పట్టికలోకి ఎక్కుతుంది, పడిపోతే దిగిపోతుంది. 1980లో ప్రపంచ నిరూపిత నిల్వలు సుమారు 68,000 కోట్ల బ్యారెళ్లు. నలభై ఏళ్లు తగలబెట్టాక, 2020లో సుమారు 1.7 లక్షల కోట్లు. ఎప్పటికీ తరగదని కాదు, ఆ భాగహారంతో గడువు తేలదని చెప్పడమే నా ఉద్దేశం.

అపోహ: ఎవరి దగ్గర ఎక్కువ ఉంటే ధర వాళ్ల చేతిలో

నిరూపిత నిల్వల్లో మొదటి స్థానం వెనిజులాదే, దాదాపు 30,000 కోట్ల బ్యారెళ్లు. కానీ అందులో ఎక్కువ భాగం ఒరినోకో ప్రాంతంలోని బంక లాంటి చమురు. పలుచన చేయనిదే పైపులో కదలదు. తీయడంలో 2018 నుంచి ముందున్నది అమెరికా. అంత తీస్తూ కూడా దిగుమతి ఎందుకు చేసుకుంటుందంటే, ముడి చమురంతా ఒకటి కాదు. పలుచనిది, చిక్కనిది, గంధకం తక్కువది, ఎక్కువది అని తేడాలున్నాయి. చిక్కటి చమురు కోసం కట్టిన రిఫైనరీని పలుచటిదానికి మార్చాలంటే మాటలు కాదు.

మరి ఒపెక్? 1960లో బాగ్దాద్‌లో పుట్టిన ఆ చమురు ఎగుమతి దేశాల కూటమికి బలం ఉంది, పూర్తి పట్టు లేదు. ఉంటే 2014లో వంద డాలర్లు దాటి ఉన్న బ్యారెల్ 2016 జనవరిలో ముప్పై కిందికి జారనిచ్చేదా?

అపోహ: సరుకు నిజంగా తగ్గితేనే ధర కదులుతుంది

నాకు అన్నిటికన్నా ఆసక్తి దీని మీదే. ప్రపంచం రోజుకు పది కోట్ల బ్యారెళ్లకు పైగా వాడుతుంది. ధర పెరిగిందని ఎవరూ మర్నాటి నుంచి ప్రయాణాలు మానేయరు. అందుకే ఒకటి రెండు శాతం అటూ ఇటూ అయినా ధర గంతులేస్తుంది. పైగా రాబోయే నెలల సరుకును ఇవాళే ధర ఖాయం చేసుకుని ఫ్యూచర్స్ కాంట్రాక్టులుగా కొంటారు. మామూలు రోజుల్లో ప్రపంచ వాడకంలో ఐదో వంతు ఇరాన్, ఒమన్‌ల మధ్యనున్న ఇరుకైన హార్ముజ్ జలసంధి గుండా వెళ్తుంది కాబట్టి, అక్కడ గొడవ జరగవచ్చన్న వార్త చాలు. ఒక్క ఓడా ఆగకుండానే రేటు పెరుగుతుంది.

దీనికి తలకిందుల ఉదాహరణ 2020 ఏప్రిల్ 20. కోవిడ్‌తో వాడకం కూలిపోయింది. అమెరికా చమురు మే నెల కాంట్రాక్టు మర్నాడు ముగుస్తుంది. అప్పటికీ చేతిలో ఉంచుకున్నవాళ్లు ఓక్లహోమాలోని కుషింగ్‌లో సరుకు దించుకోవాలి. అక్కడ ట్యాంకులు కొన్ని నిండిపోయాయి, మిగిలినవి ముందే బుక్ అయిపోయాయి. వదిలించుకుంటే చాలని ఎదురు డబ్బిచ్చారు: బ్యారెల్ ముగింపు ధర మైనస్ 37.63 డాలర్లు. అదే రోజు ఓడల మీద ఎటైనా పంపగలిగే బ్రెంట్ (ఉత్తర సముద్రపు) చమురు 25 డాలర్ల దగ్గరే ఉంది. నేల కింద మాత్రం ఏమీ మారలేదు.

అపోహ: ముడి చమురు సగమైతే బంకులో రేటూ సగం కావాలి

శుద్ధి, రవాణా, పన్నులు, డీలరు వాటా ముడి చమురుతో పాటు సగం కావు. కొనేది డాలర్లలో కాబట్టి మారకపు రేటూ కలుస్తుంది. పన్ను బరువున్న చోట తగ్గుదల ఇంకా చిన్నగా కనిపిస్తుంది.

అయితే 'పెరిగేటప్పుడు వెంటనే పెంచుతారు, తగ్గేటప్పుడు మెల్లగా తగ్గిస్తారు' అన్న ఫిర్యాదును అపోహల్లో వేయలేను. చాలా దేశాల్లో ఆర్థికవేత్తలు లెక్కలు తీసి నిజమేనని చూపించారు. పాత ధరకు కొన్న సరుకు అయ్యేదాకా ఆగుతారని కొందరు, రేటు తగ్గుతున్నప్పుడు జనం బంకులు పోల్చి చూడటం మానేస్తారని ఇంకొందరు అంటారు. నాకైతే రెండోదే ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది.